పసుపు కలిసిన పిడికెడు బియ్యం

కృపావతి వంటింట్లో పొయ్యి పక్కన రెండు డబ్బాలుంటాయి. పెద్దది ఇంటికి, చిన్నది దేవుడికి. ఎసరు పెట్టాక పెద్ద డబ్బాలోంచి బియ్యం గిన్నెలోకి కొలుచుకుని, కడిగేముందు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడుతుంది. తర్వాత ఆ గిన్నెలోంచే పిడికెడు తీసి చిన్న డబ్బాలో వేస్తుంది. మా సంఘంలో ఆడవాళ్ళందరం చేసే పనే ఇది. మా అమ్మ చేసింది, వాళ్ళమ్మా చేసింది. వాళ్ళ కాలంలో కొండ మీద బియ్యం ఎక్కడివి, సామలో చోళ్ళో వేసేవారు. పేరు మాత్రం పిడికెడు బియ్యమే. ఆదివారం ఆ డబ్బా చర్చికి పట్టుకెళ్ళి, బల్ల ముందు పెట్టిన ఇత్తడి గంగాళంలో కుమ్మరిస్తాం.

అందరి పిడికిళ్ళూ ఒక్కలా ఉండవు. కొందరు గుప్పిట మూసేలోపే వేళ్ళ సందుల్లోంచి సగం జార్చేస్తారు. దేవుడు చూస్తాడో లేదో గానీ నేను చూస్తాను. కృపావతి చెయ్యి హాస్టల్లో అన్నం గరిటె తిప్పి తిప్పి మగవాడి చెయ్యంత అయింది. ఆ చేతిలో పట్టినన్ని బియ్యం మా వీధిలో ఇంకెవరి చేతిలోనూ పట్టవు. నోరు కూడా అంతే. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది కర్రల కంచె ఒక్కటే. ఆ కంచెలో నా తల పట్టేంత సందు ఉంది. అది దానంతటది పడిన సందు కాదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నది కొంత చూసింది, కొంత విన్నది, మిగతాది వెళ్ళి అడిగి రాబట్టింది.

కృపావతిది కింద దేశం. పార్వతీపురం దగ్గర పల్లె. మోసెస్‌ని పెళ్ళి చేసుకుని, కొత్తకోడలుగానే అతని వెనక కొండెక్కింది. మోసెస్ తాపీ మేస్త్రి. మా ఊళ్ళో మొదటి చర్చి కట్టడానికి మిషను వాళ్ళు పిలిస్తే వచ్చాడు. మా ఊరంటే డుంబ్రిగుడ దాటి, జీపు దిగి, గెడ్డ దాటితే వస్తుంది. అప్పుడు గెడ్డ మీద వంతెన లేదు. కింద బట్టీలో కాల్చిన నాటు పెంకులు లారీ వాడు గెడ్డకి అవతలే దింపి పోయాడు. అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఆడవాళ్ళం తట్టల్లో మోశాం. అందులో సంఘంలో ఉన్నవాళ్ళూ ఉన్నారు, లేనివాళ్ళూ ఉన్నారు. మా కొండల్లో కప్పు వేస్తున్నారంటే అది ఎవరి ఇల్లు, ఏ దేవుడి ఇల్లు అని చూడరు. ఇంటికో మనిషి రావాలి. రాకపోతే రేపు వాళ్ళ కప్పుకి ఎవరూ వెళ్ళరు. కృపావతి అప్పుడు నెలలు నిండిన మనిషి. వద్దన్నా తట్ట ఎత్తుకుంది. ఆమె ముందు నడిచిన మనిషి రత్నాలు. గెడ్డలో కాలు జారకుండా రాళ్ళు చూపిస్తూ నడిచింది.

రత్నాలు మా ఊరి గురుమాయి. జ్వరం తగ్గకపోయినా, పశువు మేత మానేసినా, కొండదేవతకి మొక్కు చెల్లించాలన్నా ఊరు ఆమె గుమ్మానికే వెళ్తుంది. పూజ ఆమెదే, ఆకు మందు ఆమెదే, పురుళ్ళు పొయ్యడం కూడా ఆమే.

చర్చికి కప్పు వేశారు గానీ మేస్త్రికి ఇస్తామన్న గది గోడలు లేవలేదు. వానలు పట్టుకున్నాయి. కింద నుంచి వచ్చినవాళ్ళకి జాగా ఇవ్వడానికి ఊరు వెనకా ముందూ ఆడుతుంటే, రత్నాలు తన అరుగు మీద చాప పరిచి, సగం మీది అంది. అంతకంటే ఏమీ అనలేదట. కృపావతి కూతురు నీలవేణి ఆ అరుగు మీదే పుట్టింది. ఇప్పుడు డుంబ్రిగుడలో అంగన్‌వాడీ టీచరు. బొడ్డు కోసింది రత్నాలే. ఆ వానాకాలమంతా అరుగుకి ఒక చివర ప్రార్థన, రెండో చివర కొండదేవత పూజ జరిగాయి. మధ్యలో మేకపిల్ల పడుకునేదని కృపావతి చెబుతుంది.

తర్వాత ఆమె మిషను హాస్టల్లో వంటమనిషిగా చేరింది. పిల్లలు అన్నం వదిలేస్తే ఊరుకునేది కాదు, వార్డెను పప్పులో నీళ్ళు పోయమంటే అసలే ఊరుకునేది కాదు. ఒకసారి పర్యవేక్షణకి వచ్చిన పెద్దలకి కూడా పిల్లల పప్పే వడ్డించి, ఎలా ఉందో చెప్పేదాకా బల్ల దగ్గర నిలబడిందట. ఆ మర్నాటి నుంచి పప్పు చిక్కబడింది.

నీలవేణి బడికి వెళ్ళే వయసులో మోసెస్ ఎక్కడో స్లాబు పనిలో కర్రల మీంచి పడి చనిపోయాడు. అప్పటికి హాస్టలు కూడా మూతపడింది. ఆ వానాకాలం ఒక రోజు కృపావతి ఇంట్లో పెద్ద డబ్బా ఖాళీ అయింది. చిన్న డబ్బా నిండుగానే ఉంది. ఆ రోజుల్లో పిడికెడు బియ్యం పాస్టరుగారింటికి వెళ్ళేవి, మిగిలితే వేలం వేసేవారు. అవి ముట్టుకోవడమంటే దేవుడి సొమ్ము ముట్టుకోవడమే. కృపావతి ముట్టుకుంది. వండింది, పిల్లకి పెట్టింది, తనూ తింది.

తిని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జబ్బు తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో నిలబడి చెబుతారు. కృపావతి నిలబడింది.

"దేవుడి బియ్యం వొండుకున్నాను," అంది. "నా గుంట ఆకలేత్తందని ఏడిసింది. పొయ్యి పక్కన దేవుడి డబ్బా ఉంది. వొండాను, తిన్నాది, పడుకున్నాది. దేవుడు నన్నేటీ అన్నేదు. మీలో ఎవులన్నా అంటారా?"

ఎవరూ అనలేదు. అప్పటి పాస్టరుగారు పెద్దవయసు ఆయన. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ గంగాళం ఇక నుంచి మా ఇంటికి పంపకండి అన్నారు. అలా మొదలైంది. ప్రతి బుధవారం చర్చి వెనక పొయ్యి మీద ఆ బియ్యం వండుతాం. వండుకోలేని ముసలివాళ్ళు, కూలి దొరకనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు తింటారు. రాలేనివాళ్ళకి అడ్డాకు డొప్పల్లో పంపుతాం. ఏ దేవుడికి మొక్కుతావని ఎవరినీ అడగలేదు. గంగాళంలో బియ్యం మిగిలితే అవి ఇల్లు కురిసేవాళ్ళ కప్పుకి. బియ్యం ఇస్తే కర్రలు కొట్టేవాళ్ళు వస్తారు, గోడ పెట్టేవాళ్ళు వస్తారు. కృపావతి పైట నడుముకి చుట్టి మట్టి తొక్కుతూ, పని దొంగల్ని పేరు పెట్టి తిడుతూ ఉంటుంది. ఆ తిట్ల కింద లేచిన గోడలు మా ఊళ్ళో చాలానే ఉన్నాయి.

ఇక ఇప్పటి సంగతి. పాత చర్చి తీసేసి స్లాబు చర్చి కట్టుకున్నాం. పాత పెంకులు దించి వెనక గోడవారగా పేర్చాం. వాటి మీద గుమ్మడి పాదు పాకింది. పాస్టరుగా ఫిలిప్పు అయ్యగారు వచ్చారు. కుర్రవాడు, మెత్తని మనిషి, బండి నడపడం తప్ప గట్టిగా ఏదీ చెయ్యడు. సంఘ పెద్ద రోనాల్డ్ మేస్టారు. రిటైరయ్యాక సంఘమే ఆయనకి బడి. ఆయన తిరిగి తిరిగి విశాఖపట్నంలో ఒక సంస్థని పట్టుకుని, ఊరికి బియ్యం బస్తాలు, ఇళ్ళకి సిమెంటు రేకులు తెప్పించారు. అది చిన్న పని కాదు, ఒప్పుకుంటాను. మొదటి లారీ వచ్చిన రోజు ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. సంస్థ వాళ్ళు ఒకే మాట చెప్పారు: ఎవరికివ్వాలో మీ సంఘమే నిర్ణయించుకోండి.

రోనాల్డ్ మేస్టారు నిర్ణయించారు. విశ్వాసులకే.

ఆ మాట వచ్చేసరికి రత్నాలు ఇల్లు కూలి ఏడాది కావస్తోంది. పోయిన వానల్లో రెండు గోడలు కూలి, వాటితో పాటు కప్పూ పడిపోయింది. ఎనభై ఏళ్ళ మనిషి. నిలిచి ఉన్న గోడకి నీలం టార్పాలిన్ కట్టుకుని దాని కింద చలికాలం గడిపేసింది. మంచు కురిసిన పొద్దుల్లో ఆ టార్పాలిన్ మీంచి నీళ్ళు మంచం మీద కారేవి. దగ్గు పట్టింది. తొలకరి లోపల కప్పు వేస్తానని కృపావతి మాటిచ్చింది. ఇంకో వానాకాలం ఆ గుడ్డ కింద గడిస్తే ముసలమ్మ మిగలదని మా అందరికీ తెలుసు.

రేకులు దిగిన రోజే కృపావతి మేస్టారి దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను, నన్ను పిలవకపోయినా. మేస్టారు కోప్పడలేదు, నెమ్మదిగానే చెప్పారు. గురుమాయి ఇంటి మీద చర్చి రేకులు వేస్తే, రేపు ఆ రేకుల కిందే కోడిని కోస్తుందన్నారు. సంఘం తన చేత్తో విగ్రహానికి గుడి కట్టినట్టవుతుందన్నారు.

"వానలో కోత్తే దేవుడికి ఇష్టవా మేస్టారూ?" అని అడిగింది కృపావతి.

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఆమె చర్చి గడప తొక్కిందా అన్నారు. తొక్కితే ఇస్తారా అంది ఈమె. ముందు తొక్కనీ, అప్పుడు చూద్దాం అన్నారు ఆయన. కృపావతికి ఆ మాట చాలు. అక్కణ్ణుంచి నేరుగా రత్నాలు దగ్గరికి నడిచింది.

రత్నాలు వాకిట్లో ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబోసుకుని కాకుల్ని తోలుతోంది. ఆమెకున్న చెక్క పొలంలో పండేది పసుపే. చేతులు, గోళ్ళు, చీర అంచు అన్నీ పసుపే. చర్చికి రమ్మంటే ఏమంటుందో అని నేను లోపల లోపల ఉబలాటపడ్డాను. ఆమె కాకి వైపు చూస్తూనే చెప్పింది.

"మీ దేవుడింటికి రమ్మంటే రానేటి? సుట్టాలింటికి ఎల్తాను, సావుకెల్తాను, పెళ్ళికెల్తాను. గానీ ఉత్త సేతుల్తో ఎవులింటికీ ఎల్లను."

ఏం తేవాలని అడిగింది. మేమందరం పిడికెడు బియ్యం తెస్తాం, నువ్వూ తే అవ్వా అంది కృపావతి. అక్కడే పొరపాటు జరిగింది. తెమ్మంది గానీ ఎలా తేవాలో చెప్పలేదు. ఎవరైనా ఎందుకు చెబుతారు? బియ్యం బియ్యమే అనుకుంటాం. రత్నాలు లెక్క వేరు. పసుపు కలపని తెల్ల బియ్యం పీనుగ ముందు చల్లేవి. దేవుడి దగ్గరికి వెళ్ళే బియ్యం పచ్చగా ఉండాలి.

ఆదివారం ఆమె వచ్చింది. ముక్కు బేసర్లు తోముకుని, ఉతికిన చీర మోకాళ్ళ మీదికి కట్టుకుని, భుజం మీద ముడి వేసుకుని, చేతిలో అడ్డాకు డొప్ప మూసుకుని ఆడవాళ్ళ చాపల మీద మా మధ్య కూర్చుంది. పాటలప్పుడు చప్పట్లు కొట్టింది. తాళం మాకంటే బాగా వేసింది. వాక్యం చెబుతున్నంతసేపూ ఫిలిప్పు అయ్యగారి చూపు ఆమె మీదే ఉంది. రోనాల్డ్ మేస్టారు మాత్రం తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.

కానుకల వేళ అయింది. డబ్బాలు పట్టుకుని వరసగా లేచాం. మా అందరివీ అయ్యాక రత్నాలు వెళ్ళింది. గంగాళం ముందు వంగి, డొప్ప విప్పి, మంచి పసుపు బియ్యం కుమ్మరించింది. అంతటితో ఆగితే పైపైన తీసేద్దురు. దేవుడికిచ్చింది విడిగా ఉండకూడదని, మోచేతి దాకా చెయ్యి దించి, గంగాళమంతా కలయదిప్పింది. ఊరందరి బియ్యమూ పచ్చబడ్డాయి. నవ్వుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.



రోనాల్డ్ మేస్టారు లేచారు. ఇవి అక్షింతలు అన్నారు, విగ్రహాలకి అర్పించే బియ్యం అన్నారు. సంఘం నోట్లోకి ఇవి వెళ్ళడానికి వీల్లేదు, గంగాళం మొత్తం తీసుకెళ్ళి గెడ్డలో పారబోయండి అన్నారు. ఫిలిప్పు అయ్యగారు ఏదో అనబోయి మైకు సర్దుకున్నారు. రత్నాలుకి ముందు అర్థం కాలేదు. పారబోయడమనే మాట అర్థమయ్యాక నవ్వు పోయింది.

కృపావతి ముందుకు నడిచింది. గంగాళం చెవులు రెండూ పట్టుకుని ఎత్తి నడుమున పెట్టుకుంది. ఇద్దరు మగవాళ్ళు ఎత్తే బరువు అది.

"మేస్టారూ, ఎవులికి అర్పించిన బియ్యమో మీకూ తెల్దు, నాకూ తెల్దు. తెచ్చినావిడ ఇక్కడే ఉంది కదా," అని వెనక్కి తిరిగింది. "అవ్వా, ఇవి ఏ దేవుడికి తెచ్చావు?"

రత్నాలు అందరి మొహాలూ చూసింది. "ఎవులింటికి వచ్చానో ఆ దేవుడికే," అంది. "మరెవులికి తెత్తాను?"

మేస్టారు తగ్గలేదు. మనసు ఏదైనా పసుపు పసుపే అన్నారు.

"అయితే మీ ఇంట్లో పప్పులో రోజూ ఏసేదేటి, సున్నవా?" అంది కృపావతి.

వెనక చాపల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేనేనేమో. కృపావతి గంగాళంతో గుమ్మం దాటింది. వెనక బుధవారం పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. ఆదివారం పూట అక్కడ పొయ్యి వెలగడం అదే మొదలు. ఎసరు మరిగింది. కొత్తిమీర, పచ్చిమిర్చి, ఉప్పు పడ్డాయి. ఇంట్లో ఉడికించి ఉంచిన రాజ్మా గింజలు నాలుగు గుప్పెళ్ళు తెచ్చి నేనే వేశాను. ఆరాధన ముగిసిన జనం ఇంటికి పోలేక, దగ్గరికి రాలేక గోడవార నిలబడిపోయారు. పసుపన్నం వాసనకి ఊళ్ళో కుక్కలు కూడా వచ్చాయి.

కృపావతి ఆకులో వడ్డించుకుని చర్చి మెట్టు మీద కూర్చుంది. ప్రార్థన చేసుకుంది, ఎప్పటిలాగే, తొందర లేకుండా. తర్వాత అందరూ చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండో ఆకు నాది. ధైర్యం కంటే ఎలా ఉందో చూడాలన్న ఆత్రమే ఎక్కువ, నిజం చెప్పాలంటే. బాగుంది. కొండ పసుపు ఘాటు వేరు. పాస్టరమ్మగారు సోఫియా, చంకలో బిడ్డతో వచ్చి నా పక్కన కూర్చుని, బిడ్డకి తినిపించి తనూ తింది. తర్వాత ఒక్కొక్కరే ఆకులు తీసుకున్నారు. సగం మంది తినకుండానే వెళ్ళిపోయారు, అదీ రాయాలి. ఫిలిప్పు అయ్యగారు తినలేదు, వెళ్ళిపోనూ లేదు. రోనాల్డ్ మేస్టారు గొడుగు మర్చిపోయి మరీ వెళ్ళిపోయారు.

రత్నాలు మాత్రం ముద్ద ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"గడప తొక్కితే రేకులిత్తామన్నారట. ఊళ్ళో సెప్పారు, నువ్వు సెప్పకపోయినా," అంది కృపావతితో. "నా పిడికెడు గెడ్డలో పొయ్యమన్న ఇంటి రేకు నా నెత్తి మీదొద్దు."

చర్చి వాకిలి దాటి వెళ్ళిపోయింది. కృపావతి చెయ్యి కడుక్కోకుండానే వెనక పరిగెత్తింది. నా కాళ్ళు మాత్రం ఊరుకుంటాయా, నేనూ వెళ్ళాను. దారంతా బతిమాలింది, తిట్టింది, తన మీద ఒట్టు పెట్టుకుంది. రత్నాలు టార్పాలిన్ కిందికి దూరి అటు తిరిగి పడుకుంది. దగ్గుతోంది. కొండల వెనక అప్పుడప్పుడు ఉరుముతోంది. వైశాఖం వెళ్ళిపోతోంది. పోయిన ఏడాది ఈపాటికి మొదటి వాన పడిపోయింది.

కృపావతి కూలిన గోడ మట్టి మీద చాలాసేపు కూర్చుంది. అలా నోరు మూసుకుని కూర్చోవడం మోసెస్ పోయిన రోజున చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను. ఉన్నట్టుండి అడిగింది.

"రేకులొద్దు, సరే. పెంకులయితే?"

రత్నాలు ఇటు తిరగలేదు. "ఎవులి పెంకులు?"

"గెడ్డ అవతల్నుంచి మోసినవి," అంటూ నా వైపు చెయ్యి చూపించింది. "నాను మోసాను, ఈ అప్ప మోసింది, నా ముందు నువ్వు మోసావు. తట్ట మీద తట్ట. నీ నెత్తి మీద మోసినవి నీ నెత్తి మీదికి వత్తే తప్పేటే అవ్వా?"

ముసలమ్మ లేచి కూర్చుంది. ఆ పెంకుల మీద పిడుగు పడకుండా తను ఆ రోజు కొండదేవతకి మొక్కిందని, మీ అయ్యగారికి చెప్పలేదని అప్పుడు బయటపెట్టింది. ఇన్నేళ్ళూ మా చర్చి మీద పిడుగు పడలేదు మరి. నేను లెక్కలోకి తీసుకోను, తీసెయ్యనూ లేను. రత్నాలు ఒక్క షరతు పెట్టింది. కప్పు వేసేవాళ్ళకి అంబలి తను కాచి పొయ్యాలి, చర్చి గంగాళంలోంచి గింజ కూడా వద్దు.

ఆ వారమంతా గోడలు పెట్టాం. ఊళ్ళో మాట పాకింది. పాత అలవాటే కదా, ఇంటికో మనిషి వచ్చారు. కొండదేవతకి మొక్కేవాళ్ళూ వచ్చారు, పసుపన్నం తిననివాళ్ళలో కొందరూ వచ్చారు. ఎండలు మండుతుంటే తిట్టుకునే జనం, గోడ ఆరుతుందని ఆ వారం ఎండని మెచ్చుకున్నారు. కర్రలు అమరాయి. ఇక పెంకులు.

వాటిని ఎవరికీ తెలియకుండా తెచ్చుకోవడానికి కృపావతి ఒప్పుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, మేస్టారితో సహా అందరూ వాకిట్లో ఉండగా, పాత పెంకుల దగ్గరికి వెళ్ళి గుమ్మడి పాదు పక్కకి జరిపి మొదటి పెంకు తీసింది. చర్చి వెనక నుంచి రత్నాలు ఇంటి దాకా ఆడవాళ్ళం వరసగా నిలబడ్డాం. చేతిలోంచి చేతిలోకి పెంకులు కదిలాయి.

రోనాల్డ్ మేస్టారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఇది సంఘం ఆస్తి అన్నారు. కమిటీ తీర్మానం లేకుండా ఒక్క పెంకు కదలకూడదన్నారు. సంస్థ వాళ్ళకి తెలిస్తే వచ్చే బస్తాలు కూడా ఆగిపోతాయి, అప్పుడు మన పేదల్ని ఎవరు చూస్తారన్నారు. ఆయన గొంతులో భయం ఉంది. ఆ భయం దొంగది కాదు.

కృపావతి రెండు చేతులా పెంకులు పట్టుకునే ఉంది.

"ఆగిపోతే ఆగిపోనీయండి. బస్తాలు రాకముందు మనం తిన్నేదా, పెట్టనేదా?" అంది. "మేస్టారూ, నాను ఈ ఊరొచ్చినప్పుడు నాకు కప్పు నేదు. ఈ చర్చి కప్పు కింద కూడా నాకు జాగా ఇవ్వనేదు. ఈ అవ్వ తన అరుగులో సగం ఇచ్చింది. కొండదేవతకి దండం పెడితేనే ఇత్తానని అన్నాదా? నా మెళ్ళో సిలువ తియ్యమన్నాదా? పిల్లని కనడానికి జాగా కావాలంటే జాగా ఇచ్చింది. ఆవిడ దేవుడు ఆవిడకి అది నేర్పాడు. మన దేవుడు మనకి అంతకన్నా తక్కువ నేర్పాడని ఊరంతా అనుకోవాలా? నాను అనుకోనివ్వను. తప్పుకోండి."

మేస్టారు తప్పుకోలేదు. వరస ఆగింది. దారికి అడ్డంగా ఇంకోటి కూడా ఉంది, ఫిలిప్పు అయ్యగారి బండి. మేస్టారికి ఒక పక్క గోడ, ఇంకో పక్క ఆ బండి. అయ్యగారు చర్చి మెట్ల మీద నిలబడి మమ్మల్నీ, మేస్టారినీ, ఆకాశాన్నీ చూశారు. మబ్బు బాగా దిగింది. ఆయన మెట్లు దిగి వచ్చి, స్టాండు తీసి, బండిని నెట్టుకుంటూ వెళ్ళి చింతచెట్టు కింద పెట్టారు.

దారి తెరుచుకుంది. కృపావతి మేస్టారి పక్క నుంచి నడిచి, పెంకులు నా చేతిలో పెట్టింది. నేను సోఫియా అమ్మగారి చేతిలో పెట్టాను. చివర రత్నాలు నిలబడి ఒక్కో పెంకునీ పైట చెంగుతో తుడిచి కప్పు మీది వాళ్ళకి అందించింది. మేస్టారు ఇంటికి వెళ్ళిపోయారు.

నడి కప్పు మీద చివరి వరస పేరుస్తుండగా చినుకులు మొదలయ్యాయి. కప్పు మీది మగవాళ్ళు గబగబా దిగుతుంటే కృపావతి కింద నుంచి అరిచింది, ఉప్పు బొమ్మలా మీరు కరిగిపోడానికి అని. మళ్ళీ ఎక్కారు. పూర్తి చేసి దిగేసరికి అందరూ తడిసి ముద్దయ్యారు. లోపల రత్నాలు పొయ్యి రాజేసి చోడి అంబలి కాచింది. అందరం ఆ చిన్న ఇంట్లో ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడి తాగాం. ఒక మూల చుక్క కారింది. రత్నాలు అక్కడ గిన్నె పెట్టి, మీ పాత చర్చి కూడా ఆ పక్కనే కారేదటగా అంది.

తర్వాత సంస్థ వాళ్ళు వచ్చారు. బస్తాలు ఆగలేదు. ఎందుకాగలేదో రాబట్టడానికి చాలా ప్రయత్నించాను గానీ మేస్టారు నాతో కూడా మాటలు తగ్గించేశారు. కృపావతితో అసలే మాట్లాడరు. ఆయన కూతురు డాలీ మాత్రం బుధవారాలు వచ్చి అంట్లు తోముతోంది. ఆయన వద్దనలేదని తెలిసింది.

సంస్థ నుంచి వచ్చిన మేడమ్ కొత్త కప్పు చూసి ముచ్చటపడి, రత్నాలు పక్కన బోర్డు పట్టుకుని ఫోటో తీయించుకుంటానంది. ఈ ఇంటి లబ్ధిదారు ఈమేనా అని అడిగింది. లబ్ధిదారు అంటే ఏమిటని రత్నాలు నన్నడిగింది. సాయం తీసుకున్నవాళ్ళు అని చెప్పాను.

"నాను కాదు," అంది రత్నాలు, అరుగు మీంచి లేవకుండా. "పిడికెడు ఏసినోల్లలో నానొకర్తెని. పెంకులు మోసినోల్లలో కూడా. నీకు బొమ్మ కావాలంటే ఆ బల్ల తీసేసి వచ్చి నా పక్కన కూకో."

మేడమ్ బోర్డు కారులో పెట్టించి వచ్చి కూర్చుంది. మంచి పిల్లే.

ఆ రోజు బుధవారం. రత్నాలు చర్చికి రాదు గానీ, ఆదివారం పొద్దున్నే అడ్డాకు డొప్ప ఎవరి చేతనో పంపుతుంది. కృపావతి దాన్ని అందరిలోకీ ముందు కుమ్మరించి, మోచేతి దాకా చెయ్యి దించి కలయదిప్పుతుంది. అప్పట్నుంచి మా బుధవారం అన్నం తెల్లగా లేదు. ఆ బుధవారం మాతో తినడానికి కూర్చున్న మేడమ్ ఆకులో వడ్డించగానే అడిగింది, ఇది పులిహోరా, పొంగలా, ఎందుకిలా పచ్చగా ఉందని.

"మా సంఘం బియ్యం రంగే అంత," అంది కృపావతి, ఇంకో గరిటె వేస్తూ. "తినండి."